ఫ్రిస్కోలో ఇనస్పెక్షను, భీమవరంలో నమ్మకమా?

మా టీములో డాలస్ నుంచి పనిచేసే మనవాళ్ళు అయిదుగురున్నారు. అందులో ముగ్గురు ఈ మధ్యే ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇళ్ళు కొన్నారు. ముగ్గురూ కొనే ముందు సొంత డబ్బులిచ్చి ఇనస్పెక్టరుని పెట్టుకున్నారు. టెక్సస్‌లో ఆ పని చేసేవాడికి రియల్ ఎస్టేట్ కమిషను లైసెన్సు ఉండాలి. అతను నింపే ఫారంలో మొట్టమొదటి అంశం పునాది. ఆ తరవాతే పైకప్పు, కరెంటు, ప్లంబింగు వగైరా. డాలస్ చుట్టుపక్కల నేల తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి కాబట్టి, వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టాలు పరిచి నేలకి నీళ్ళు పెడతారు. గడ్డికి కాదండోయ్, పునాదికి!

ఈ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు ఊళ్ళో అమ్మానాన్నల కోసం ఇళ్ళు కట్టిస్తున్నారు. ఒకరిది భీమవరం దగ్గర, ఇంకొకరిది అమలాపురం అవతల. మట్టి పరీక్ష చేయించారా అని అడిగితే ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే జవాబు. "మా మేస్త్రి ఇరవై ఏళ్ళ నుంచి కడుతున్నాడు బాసూ, మట్టి చేత్తో పట్టుకుంటే చెప్పేస్తాడు" అని. ఇటాలియన్ మార్బులు ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎక్సెల్ షీటు ఉంది. వాస్తు సిద్ధాంతి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ తెలివితక్కువవాళ్ళేం కాదు, టెస్ట్ కేసులు లేకుండా కోడు పంపితే నా మీద కేకలేసే రకం. అందుకే నాకు ఒళ్ళు మండింది, ఈ టపా రాస్తున్నాను.

నేను చదివింది కాకినాడలో సివిలు, చేస్తున్నది హైదరాబాదులో జావా. మనలో ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి సిగ్గుపడట్లేదు :) చదివినదాంట్లో సగం మర్చిపోయాను గానీ సాయిల్ మెకానిక్స్ ల్యాబు మాత్రం గుర్తుంది. అందులో ఒక చిన్న పరీక్ష ఉంటుంది, చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఎండబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరోసిను. ఒక రోజంతా వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో ఎంత ఉబ్బిందో దాంతో పోల్చి శాతం లెక్కేస్తారు. 50 లోపు అయితే ఫరవాలేదు, 100 దాటితే జాగ్రత్తగా ఉండాలి, 200 దాటితే ఆ నేల మీద మామూలు పునాది పెట్టడం అంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. దీన్ని ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అంటారు. ఇంతకన్నా చవకైన పరీక్ష ఇంకోటి ఉండదేమో. మేస్త్రి చెయ్యి ఎంత అనుభవమున్నదైనా ఈ అంకె చెప్పలేదు.

సరే, అసలు విషయం. మన డెల్టా అంతా ఒకటే మట్టి అనుకుంటాం, కాదు. రాజమండ్రి వైపు మెట్టలో ఎర్రమట్టీ గ్రావెలూ తగులుతాయి, అక్కడ ఇల్లు కట్టడం తేలిక. ధవళేశ్వరం దిగాక కథ మారిపోతుంది. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ పాత తీరాల ఇసుక మెరకలు, వాటి మధ్య పల్లాల్లో మెత్తటి బంకమట్టి. పాత ఊళ్ళు చాలావరకు మెరక మీదే ఉన్నాయి, పెద్దవాళ్ళు చూసుకుని కట్టుకున్నారు. పల్లాలు వరికి వదిలేశారు. మనం ఇప్పుడు ప్లాట్లు కొంటున్నది ఆ పల్లాల్లో! నిన్నటిదాకా వరిచేనో, రొయ్యల చెరువో అయి ఉంటుంది. దాన్ని నాలుగడుగులు మట్టితో పూడ్చి, రాళ్ళు పాతి, ఆర్చి కట్టి, ఏదో ఎన్‌క్లేవ్ అని పేరు పెడతారు. కొత్తగా పోసిన ఆ మట్టి తన బరువుకి తనే కొన్నేళ్ళపాటు దిగుతూ ఉంటుంది. కింద ఉన్న మెత్తటి పొర పైన పడ్డ బరువుకి ఇంకొంచెం దిగుతుంది. రొయ్యల చెరువైతే ఉప్పు అదనం. ఆ ఉప్పు కాంక్రీటులోకి దిగితే లోపల ఊచలు తుప్పు పడతాయి. అందుకే నేలలో ఇలాంటి హానికరమైన లవణాలున్నచోట పునాది కాంక్రీటు కనీసం ఎం35 ఉండాలని మన ఐఎస్ 456 చెబుతుంది. ఊళ్ళో ఎం20 వేసి "బాగా రిచ్‌గా వేశామండీ" అంటారు.

ఇంకో సంగతి, మన డెల్టాకే ప్రత్యేకం. కాలువలు! వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. అంటే వానాకాలం ఎండాకాలం తేడాకి తోడు, ఏటా మనమే నేలని ఒకసారి ఎండబెట్టి మళ్ళీ తడుపుతున్నాం. మేలో చేలల్లో నెర్రెలు చూసే ఉంటారు, కాలు దూరేంత. అదే మట్టి ఇంటి కింద కూడా ఉంటే? ఇంటి మధ్యలో నేల నీడలో ఉంటుంది కాబట్టి తడి అంత తొందరగా పోదు. చుట్టూ అంచులు మాత్రం ఎండి కుంచించుకుంటాయి. మధ్య నిలబడి, మూలలు దిగుతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తుంది, తలుపు పట్టేస్తుంది. జూలైకి నేల తడిసి మూలలు మళ్ళీ లేస్తాయి, పగులు సన్నబడుతుంది. "ఏం పర్లేదండి బాబూ, అదే సర్దుకుంది" అంటారు. సర్దుకోలేదు, వచ్చే మే దాకా ఆగింది, అంతే.

దీనికి మందు లేక కాదు. రూర్కీలో ఉన్న సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దశాబ్దాల కిందటే నల్లరేగడి కోసం అండర్‌రీమ్డ్ పైల్స్ అనే పద్ధతి తయారుచేశారు. సన్నటి గుంత లోతుగా తవ్వి, అడుగున గుండ్రంగా వెడల్పు చేసి, మాను దుంపలాగా కాంక్రీటు పోస్తారు. వాతావరణానికి నేల కదిలే లోతు దాటి, దాదాపు మూడున్నర మీటర్ల కిందికి వెళ్తుంది. పైన నేల ఆడితే ఆడనీ, ఇల్లు మాత్రం కింద కదలని మట్టిని పట్టుకుని ఉంటుంది. ప్లింత్ బీముకీ నేలకీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలమని కోడు చెబుతుంది, నేల ఉబ్బినా బీముని తన్నకుండా. ఈ ఖాళీ కనపడగానే మేస్త్రి "ఏదో మర్చిపోయారు" అనుకుని శుభ్రంగా ఇసుక కూరి పూడ్చేస్తాడు!! ఇలాంటివి పట్టుకోడానికే ఇనస్పెక్షను. ఇంకో మాట, అన్నిచోట్లా ఇదే మందు కాదు. మరీ మెత్తటి బంకమట్టి బాగా లోతుగా ఉంటే ఇంకా కిందికి పోయే పైల్సో, ఇల్లంతటికీ కలిపి ఒకే పలకలా వేసే రాఫ్టో కావాల్సి రావచ్చు. ఏది కావాలో మట్టి చెబుతుంది, పక్కింటివాడు కాదు.

మరి డబ్బిచ్చి పిలిచిన ఇంజనీరు నుంచి ఏం ఆశించాలి?

కొత్త ఇల్లయితే మొదటి పని ప్లాను గీయక ముందే. ఐఎస్ 1892 ప్రకారం చిన్న ఇంటికి స్థలం మధ్యలో ఒక్క బోరు చాలు, ఎకరం స్థలమైతే నాలుగు మూలలా, మధ్యలో కలిపి అయిదు. మన దగ్గర గుంత తవ్వితే అయిదడుగుల్లోపే నీళ్ళు తగిలే ఊళ్ళున్నాయి కాబట్టి బోరే నయం. బోరులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కపెడతారు. రెండు మూడు దెబ్బలకే దిగిపోతే మీ కింద ఉన్నది పెరుగన్నం అనుకోండి. చివర్లో మీకు వచ్చే రిపోర్టులో ఏ లోతులో ఏ మట్టి, నీళ్ళ మట్టం ఎంత (ఏ నెలలో కొలిచారో కూడా), దెబ్బల లెక్క, పైన చెప్పిన ఉబ్బు శాతం, ఉప్పు ఎంత, ఏ లోతులో చదరపు మీటరుకి ఎన్ని టన్నులు మోస్తుంది, ఎలాంటి పునాది వెయ్యమంటున్నారు అన్నవి ఉండాలి. "ఎస్‌బీసీ 10 టన్నులు" అని ఒక్క లైనుతో స్టాంపు వేసిన కాగితం ఇస్తే అది రిపోర్టు కాదు, రసీదు.

రెండో పని గుంతలు తవ్వాక, కాంక్రీటు పోయక ముందు. ఇదే చాలా ముఖ్యం, ఇదే అందరూ ఎగ్గొట్టేది. ఎందుకంటే ముహూర్తం ఉంటుంది, మిక్సరు మిషను వచ్చేసి ఉంటుంది, కూలీలు కూర్చుని ఉంటారు. ఇంజనీరు "ఈ మూలలో మట్టి వేరేగా ఉంది, ఇంకో రెండడుగులు తవ్వండి" అంటే అందరి మొహాలూ మాడిపోతాయి. మాడనివ్వండి. ఆయన చూడాల్సినవి తేలికే. గుంత అడుగున బురద తీశారా, నీళ్ళు తోడారా, రిపోర్టులో చెప్పిన మట్టే తగిలిందా, లోతు ఎంత, ఊచల కింద 50 మిల్లీమీటర్ల బిళ్ళలు పెట్టారా లేక ఇటుక ముక్కలా. మీరు దూరంగా ఉంటే ప్రతి గుంతకీ టేపు కనపడేలా ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. కాంక్రీటు పడ్డాక ఇక ఏ ఇనస్పెక్టరూ ఏమీ చూడలేడు.

అన్నట్టు, "బ్యాంకు వాళ్ళు ఇంజనీరుని పంపించి చూశారు కదా" అనేవాళ్ళున్నారు. ఆయన వచ్చేది పని ఎంతవరకు అయింది, వాయిదా ఎంత విడుదల చెయ్యొచ్చు, ఆస్తి విలువ ఎంత అని చూడ్డానికి. బ్యాంకు డబ్బు భద్రం కోసం. మీ పునాది ఆయన డ్యూటీ కాదు.

పాత ఇళ్ళ సంగతి ఇంకా తమాషా. పాలకొల్లు దగ్గర మా ఇల్లు 1998లో కట్టింది. ఈశాన్యం గదిలో పగులు వస్తే నాన్న ఆర్ అండ్ బీలో రిటైరైన డీఈ గారొకరిని పిలిచారు. ఆయన మొదటి అరగంట ఇంట్లోకే రాలేదు. చుట్టూ తిరిగారు. డ్రైనేజీ ఎటు పోతోంది, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, పక్కింటివాళ్ళు ఎప్పుడు తవ్వారు, ఆ కొబ్బరిచెట్టు ముందా ఇల్లు ముందా, ఇవే ప్రశ్నలు. తరవాత తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం తీసి ఇంటి చుట్టూ ప్లింత్ మట్టం కొలిచారు, పుస్తకంలో రాసుకున్నారు. పగులు మీద చిన్న గాజు ముక్క అతికించి పక్కన పెన్సిలుతో తేదీ వేశారు. పగులు ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది, అంతే టెక్నాలజీ!

నాన్న ఉండబట్టలేక "పుట్టీ కొట్టించేస్తే సరిపోతుంది కదండీ?" అన్నారు. "కొట్టించండి, మనకి కనపడదు. భూమికి కనపడుతుందండి" అన్నారాయన.

ఆ మూల పునాది పక్కన ఒక గొయ్యి తవ్వించి అడుగుదాకా చూశారు. అమ్మకి మల్లెపొద పోయిందని బాధ. మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మళ్ళీ వచ్చారు. చివరికి తేలింది ఏమిటంటే, బాత్రూము నుంచి వెళ్ళే గొట్టం నేలలో ఎక్కడో లీకై ఆ ఒక్క మూలని నానబెడుతోంది. గొట్టం మార్చి, ఇంటి చుట్టూ వానా నీరు బయటికి పోయేలా మూడడుగుల ఏప్రను వెయ్యమన్నారు. పైన ఇంకో అంతస్తు మాత్రం ఆ పునాది మీద వద్దన్నారు, కారణం లెక్క వేసి చూపించారు. నాన్నకి ఆ చివరి మాట నచ్చలేదు గానీ వినక తప్పలేదు. నాకు మటుకు ఆ రిపోర్టులో బాగా నచ్చింది "ఇది ఖాయం", "ఇది నా అంచనా", "ఇది తెలియదు, తవ్వితే గానీ" అని మూడు రకాలుగా విడదీసి రాయడం. మా ఆఫీసులో ఇన్సిడెంటు రిపోర్టులు కూడా అంత నిజాయితీగా ఉండవు.

కాబట్టి అరగంటలో చూసేసి "ఏం భయం లేదు" అనేవాడినీ నమ్మకండి, "మొత్తం పోయింది, పైల్స్ వెయ్యాలి, మా దగ్గర మిషనుంది" అనేవాడినీ నమ్మకండి. చూసేవాడు, రిపేరు చేసేవాడు ఒకడే కాకూడదు. డెవలపరే టెస్టరైతే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. ప్రతి పగులూ పునాది పగులు కూడా కాదు. గోరుకి తెలియని సన్నటి గీతలు ప్లాస్టరువి, వాటికి రంగు చాలు. 5 మిల్లీమీటర్లు దాటి, ఏటవాలుగా, ఒక చివర వెడల్పుగా ఉంటే పిలవాలి. కాంక్రీటు పిల్లర్ల ఇంటికి పక్కపక్క పిల్లర్ల దిగుడులో తేడా వాటి మధ్య దూరంలో 0.0015 వంతు మించకూడదని ఐఎస్ 1904. నాలుగు మీటర్ల దూరానికి లెక్క కట్టండి, 6 మిల్లీమీటర్లు. నాలుగు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంచుమించు అంతే. నీళ్ళ గొట్టంతో కొలిచేది ఇంత చిన్న తేడాల్ని.

ఇక జాకీలు. మన జిల్లాల్లో రోడ్డు వేసినప్పుడల్లా అరడుగు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లమైపోతుంది, వానొస్తే వీధి నీళ్ళు వరండాలోకి. దాంతో ఇల్లు మొత్తం జాకీల మీద మూడు నాలుగడుగులు లేపించుకుంటున్నారు. చూడ్డానికి అద్భుతమే, నేనూ నోరెళ్ళబెట్టి చూశాను. కానీ ఒక్కటి ఆలోచించండి. లేపినప్పుడు ఇంటిని పాత పునాది నుంచి కోసి, మధ్యలో కొత్త కట్టుబడి పెట్టి, మళ్ళీ ఆ పాత పునాది మీదే కూర్చోబెడతారు. కింద మట్టి అదే. బరువు ఇంకొంచెం పెరిగింది. వీధి నీళ్ళ కోసం లేపితే సరే. ఇల్లు కిందికి దిగుతోందని లేపితే, జ్వరానికి థర్మామీటరు మార్చినట్టే. లేపించే ముందు ఇల్లు దిగిందా, రోడ్డు పెరిగిందా అన్నది తేల్చుకోవాలి, అది ఆ జాకీల కంపెనీవాడు కాకుండా వేరేవాళ్ళు తేల్చాలి. లేపాక గొట్టాలన్నీ కొత్తగా కలుపుతారు కదా, వాటి లీకులు చూడటం కూడా ఆ లెక్కలోదే.

పక్కవాడు తవ్వే గొయ్యి కూడా మన పునాది సంగతే. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో కట్టిన అంతస్తుల ఇల్లు పక్కకి ఒరిగింది, పక్క స్థలంలో పునాదికి తవ్వుతున్నారు. ఆ ఒరిగిన ఇంటిని కూల్చెయ్యాల్సి వచ్చింది. మీ పక్కన తవ్వడం మొదలెట్టక ముందే మీ ఇంటి గోడల ఫొటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి. తరవాత "ఆ పగులు పాతదేనండి" అంటే చూపించడానికి ఉంటుంది. అపార్టుమెంటు కొన్నవాళ్ళకైతే రెరా చట్టంలో ఒక మంచి సెక్షనుంది. స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్ళలోపు నిర్మాణంలో లోపం బయటపడి మనం తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. 14వ సెక్షను. నాలుగో ఏడాది చివర్లో ఒక ఇంజనీరుతో చూపించుకోండి, ఆరో ఏట కాదు. మేస్త్రితో కట్టించుకున్న సొంత ఇంటికి ఆ సౌకర్యం లేదు.

విడ్డూరం ఏమిటంటే, పునాది గురించి మనకన్నా ఎక్కువ మాట్లాడినవాళ్ళు ఎవరుంటారు? పోలవరం డయాఫ్రమ్ వాల్ దెబ్బతింటే టీకొట్టు దగ్గర కూడా దాని గురించి చర్చే. ఎన్‌హెచ్‌పీసీ వచ్చి పరీక్షలు చేసింది, కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది. తప్పెవరిదన్నది వదిలేద్దాం, అది ఈ టపాలో తేలదు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసింది కూడా ఇసుక మీదే. ఎంత లోతుందో తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో కావేరి మీద చోళుల కల్లణై చూసి నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. మన జిల్లాల అన్నం మొత్తం ఆ ఒక్క పాఠం మీద నిలబడింది. అలాంటి ఊళ్ళ నుంచి వచ్చి మనం మట్టి పరీక్షకి బేరమాడుతున్నాం.

ఎక్కడ చేయిస్తారు అంటారా, మన జిల్లాల్లో సివిల్ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో సాయిల్ ల్యాబులుంటాయి, బయటి పని తీసుకుంటారేమో ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే మట్టి పరీక్షలు చేసే ప్రైవేటు వాళ్ళుంటారు. బోరు వేసేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఒకరు అక్కడ నిలబడాలి. బోరు వెయ్యకుండానే రిపోర్టు వచ్చేసే అద్భుతాలు మన దగ్గర లేకపోలేదు.

ఒక్క విన్నపం, పాత ఇల్లు చూపించుకోవాలనుకునేవాళ్ళకి. మనమంతా ఊరెళ్ళేది సంక్రాంతికి. అప్పుడు దాళ్వాకి కాలువల నిండా నీళ్ళుంటాయి, నేల తడిగా ఉంటుంది, చాలావరకు పగుళ్ళు మూసుకుపోయి ఇల్లు ముద్దుగా ఉంటుంది. ఇంజనీరుని అప్పుడు ఒక్కసారే పిలిస్తే డబ్బులు దండగ. మే నెలాఖరులో, కాలువలు వదలక ముందు ఒక వారం సెలవు పెట్టండి. ఎండగానే ఉంటుంది మరి, మామిడిపళ్ళు ఉంటాయి కదా :)